తవుడిచ్చి కొన్న కొడుకు

కిందటి వారం కల్పనను నవ్వుతూ ఉండగా వదిలిపెట్టాం. మొగుడు సముద్రంలో గల్లంతై నెల తిరక్కుండానే ఆ నవ్వేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నవ్వక ఏం చేస్తుంది పాపం? ఆస్ట్రేలియా దక్షిణ తీరాన ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం విష్ణుది కాదని అక్కడి పోలీసులే చెప్పారు. ఇక్కడ సింగపూరులో అతని తల్లి రక్తం తీసుకుని పోల్చి చూశారట, కలవలేదట. శవం అతనిది కానంత మాత్రాన అతను బతికున్నట్టు కాదు. ఆ సంగతి కల్పనకూ తెలుసు. కానీ ఆశపడ్డ మనిషి దగ్గర అంత తర్కం ఎక్కడ నిలుస్తుంది? విమానం దిగి, అత్తగారిని కావలించుకుని, ఏడుస్తూనే నవ్వింది.

ఈ వారమే మన దారిన పడ్డవాళ్ల కోసం నాలుగు ముక్కలు. విష్ణు సింగపూరులోనే పుట్టి పెరిగినవాడు. శ్రీకాకుళం వైపు నుంచి అతని తాత ఇంగ్లీషువాళ్ల నౌకాస్థావరంలో కూలిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి పైడిరాజు కూడా ఓడల మరమ్మతులోనే నడుము విరగ్గొట్టుకుని పోయాడు. విష్ణు మాత్రం కంప్యూటర్లు చదివి, పాయా లేబర్‌లో కొత్తగా వెలిసిన ఓ ఇంటర్నెట్ కంపెనీలో చేరాడు. వీధికో డాట్‌కామ్ పుట్టుకొస్తున్న రోజులవి. కరీంనగర్ అమ్మాయి కల్పన అదే బిల్డింగులో పై అంతస్తులో ప్రోగ్రామర్. లిఫ్టులో మొదలైన పరిచయం పెళ్లిదాకా వచ్చింది.

కంపెనీకి పెద్ద పెట్టుబడి దొరికిందన్న సంబరంలో యజమాని కుర్రాళ్లందరినీ ఆస్ట్రేలియాకు తీసుకెళ్లాడు. గుళ్లూ గోపురాలూ చూపించడానికి కాదు. పడవెక్కి, రోజుల తరబడి నడి సముద్రంలో ఉండి, ఇనప పంజరంలో నీళ్లలోకి దిగి సొరచేపలను చూడటానికి. జంతువును పంజరంలో పెట్టి మనిషి బయట నిలబడి చూడటం పాత పద్ధతి. కాలం కలిసొచ్చిన కుర్రాళ్లకు అందులో మజా ఏముంది? మనిషే పంజరంలో దూరాలి, జంతువు వచ్చి చూసి పోవాలి.

విష్ణు మొదట వెనకాడాడు. "ఇంట్లో తెలిస్తే ఊరుకోరు," అన్నాడు. "చిన్నపిల్లాడివా? సొరచేపలంటే భయమా, మీ అత్తంటే భయమా?" అని కల్పనే ఆటపట్టించింది. పోయిరమ్మంది. ఆఫీసు మీటింగని ఇంట్లో అబద్ధం చెప్పిందీ ఆమే. రేవులోంచి విష్ణు ఫోన్ చేసి, రేపటినుంచి పడవలో ఫోన్ పనిచెయ్యదనీ, సొరచేప ఎదురుపడితే నీ పేరు చెప్పి భయపెడతాననీ అన్నాడు. ఆ గొంతు వినడం అదే ఆఖరు.

తర్వాతి సంగతి అతని స్నేహితుడు ప్రేమ్ చెప్పినదే. ప్రేమ్ కూడా ఆ పడవలోనే ఉన్నాడు. వెళ్లినవాళ్లలో సగం మంది వాంతులతో మంచాలు దిగలేదట. పడవవాళ్లు చేపల పేగులూ రక్తమూ కలిపిన గుజ్జును దోసిళ్లతో సముద్రంలో పోస్తూ గంటల కొద్దీ కూర్చునేవాళ్లట. ఆ వాసనకే అవి వస్తాయి. వచ్చాయి కూడా. ఒక్కొక్కటీ ఇంట్లో మంచమంత ఉంది. పడవ మీంచి గొట్టంలో గాలి వదులుతుంటే, విష్ణూ ప్రేమూ భుజాలు రాసుకుంటూ పంజరంలో నిలబడి చూశారు. ఇంతలో గాలి తిరిగింది, అలలు లేచాయి. ఇద్దరినీ పైకి రమ్మని పడవవాళ్లు సైగ చేశారు. ముందు ప్రేమ్ ఎక్కాడు. తరవాత విష్ణు ఎక్కాల్సింది. తాడు తెగింది.

పంజరం మర్నాడు దొరికింది. మూత తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. అదే గాలివానలో ఆ ఊరి చేపలవాడు ఒకడు కూడా తన పడవలోంచి పడి గల్లంతయ్యాడు. వారం దాటాక ఓ శవం ఒడ్డుకు వచ్చింది. ముఖమూ చేతులూ చూసి గుర్తుపట్టే స్థితి లేదు. ఇద్దరిలో ఎవరిదో తేల్చడానికి కన్నవాళ్ల రక్తమో, తోడబుట్టినవాళ్ల రక్తమో కావాలన్నారు. కల్పన అప్పుడు ఆ రేవులోనే ఉంది. వెతికే పడవల్లో తనూ ఎక్కి, కళ్లు పుళ్లయ్యేట్టు నీళ్లను చూస్తూ తిరుగుతోంది. ఇక్కడ యీషున్‌లో వాళ్లుండే ఫ్లాటుకు పోలీసులే వెళ్లి తల్లి రక్తం తీసుకున్నారు. కలవలేదన్నారు. కల్పన తిరిగొచ్చింది. ఇదీ సంగతి.

ఇక ఈ వారం కథ.

శనివారం పొద్దున కల్పన హాల్లో విష్ణు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఉతికినవే మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసినవే మళ్లీ చేస్తోంది. వారం రోజులుగా ఆమెకు ఇదే పని. ఏదో దీవిలో అతను గడ్డం పెంచుకుని కూర్చున్నాడని, ఏ చేపల పడవవాళ్లో చూసి తెస్తారని, రాగానే తొడుక్కోడానికి మంచి చొక్కా ఉండాలని ఆమె గట్టిగా నిర్ణయించేసుకుంది. వంటింట్లో అత్తగారు కుమారమ్మ కంగ్‌కోంగ్, అంటే మన తూటికూర, ఆకు తుంచుతోంది. తుంచుతూ మధ్య మధ్య కోడలి వంక చూస్తోంది. ఆ చూపులో ఏదో ఉందని కల్పన ఆ వారమంతా గమనించనే లేదు.

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ గురునాథం. ఆయనదీ ఇక్కడ మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబమే. తమిళంలో నానిన తెలుగు మాట్లాడతాడు.

"మిసెస్ విష్ణు, ఈరోజు ఒకసారి ఇంటికి వస్తాము. నర్స్ కూడా వస్తుంది. మదర్ బ్లడ్ ఇంకో తడవ కావాల."

"మళ్లీనా? ఎందుకు సార్? అయిపోయింది గదా!"

"ఆ ఫిషర్‌మన్ ఉన్నాడు చూడండి, వాళ్ల అన్న బ్లడ్ కూడా మ్యాచ్ కాలేదంట. రెండిట్లో ఒకటి కావాల గదా? ఎక్కడో మిస్టేక్ ఉంది. ఇద్దరివీ మళ్లీ చూస్తారు. జస్ట్ ఫార్మాలిటీ అనుకోండి."

కల్పన ఫోన్ పెట్టేసింది. తప్పు జరిగి ఉంటే చేపలవాడి వైపే జరిగి ఉంటుందనుకుంది. అన్నంటే సవతి అన్నేమో, పెంచుకున్నవాడేమో. మనవైపు తప్పెలా జరుగుతుంది? తల్లి తల్లే కదా.

"అత్తమ్మా, పోలీసులు వస్తున్నరు. మళ్లా రక్తం తీస్తరట. ఏం లేదు, ఊరికే," అని వంటింట్లోకి కేకేసింది. ఆకు తుంచుతున్న చప్పుడు ఆగిపోయింది.

గురునాథం వచ్చాడు. వెంట మలయ్ నర్సు, ఆమె చేతిలో చిన్న తెల్లపెట్టె. ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు, కల్పన ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడింది. ఈలోగా పక్క ఫ్లాటు కొండమ్మ కూడా వచ్చింది. పిలవకపోయినా రావడం ఆమెకు అలవాటు, ఆ ఇంట్లో ఆమెకా హక్కుంది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇప్పటికీ వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"మకాన్ అయిందేటి పిల్లా? తిన్నావా లేదా?" అని కల్పన చెంప నిమిరి, వచ్చినవాళ్లను చూసి, సంగతేమిటని ఒక్క మాటైనా అడక్కుండా కుర్చీ లాక్కుని నర్సు ఎదురుగా కూర్చుంది. కుడిచెయ్యి చాపింది.

"ఎడం సెయ్యి ఒద్దు బాబూ. మొన్న గుచ్చినకాడ ఇంకా నల్లగానే ఉంది. ఇటు గుచ్చమను."

కల్పనకు నవ్వొచ్చింది. "ఆంటీ, మీకు కాదు. అత్తమ్మకు."

"మొన్న నాకే గదేటి తీసారు."

ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలుతున్న వాసన వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు. కల్పన తీగ పీకేసింది. చొక్కా జేబు మీద గోధుమరంగు మచ్చ పడింది.

గురునాథం ముందుకు వంగాడు. "ఒన్ మినిట్. పోయిన తడవ బ్లడ్ ఇచ్చింది మీరా ఆంటీ? మీరు విష్ణుకి అమ్మా?"

"అమ్మని కాకేటి? ఆణ్నే అడుగు, సెప్తాడు. ఊహ తెలిసిన కాణ్నుంచి నన్ను అమ్మా అనే పిలుస్తాడు. ఈ కుమారిని అత్తా అంటాడు. ఆ పోలీసు కుర్రోడు వొచ్చి అమ్మ ఎవరంటే, నానే అన్నాను. రాసుకున్నాడు, గుచ్చుకున్నాడు, పోనాడు."

"మీరు కన్నారా?"

"కనడం కుమారి కన్నది. నాను కొనుక్కున్నాను," అంది కొండమ్మ. ఆ మాటలో ఆమెకు ఏ తిరకాసూ కనిపించలేదు.

తిరకాసు కనిపించే పాఠకులకు చెప్పాలి. కుమారమ్మకు మొదట ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ ఏడాది నిండకుండా పోయారు. మూడోవాడు పుట్టగానే, వాళ్లవైపు ఆనవాయితీ ప్రకారం, చాటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టారు. యీషున్‌లో ఇప్పుడున్న ఈ అంతస్తుల మేడలు అప్పుడు లేవు, రేకుల ఇళ్ల పల్లె ఉండేది. పక్కింటి కొండమ్మ పిల్లలు లేని మనిషి. కోళ్లకు పెట్టే తవుడు ఓ చాటెడు తెచ్చి ఇచ్చి, ఆ పిల్లాణ్ణి కొనుక్కుంది. ఇక వాడు కుమారమ్మ బిడ్డ కాదు. చావు వచ్చి వెతికినా కుమారమ్మ కొడుకు అనేవాడు ఆ ఇంట్లో దొరకడు. పాలిచ్చిందీ పెంచిందీ కుమారమ్మే. కానీ ఒక్కనాడూ "నా కొడుకు" అని నోటంట అనలేదు. పేరు పెట్టి పిలవలేదు. తవిటిగాడు అనేది, కొండమ్మ కొడుకు అనేది. పల్లె తీసేసి అందర్నీ ఫ్లాట్లలోకి మార్చినప్పుడు కూడా పట్టుబట్టి కొండమ్మ పక్క ఇల్లే తీసుకుంది. బర్త్ సర్టిఫికెట్‌లో కుమారమ్మ పేరు ఉంటే ఉండనీ, చావు సర్టిఫికెట్లు చూసి రాదు కదా!

ఇదంతా కల్పనకు పెళ్లిలోనే తెలుసు. కొత్త కోడలికి ఇద్దరత్తలని అందరూ ఆటపట్టించారు, తనూ నవ్వింది. నవ్వులాట అనుకున్నది ఈవేళ తన మెడకు చుట్టుకుంటుందని ఎలా తెలుస్తుంది? కొండమ్మ రక్తం ఎన్నిసార్లు పోల్చినా విష్ణుతో కలవదు. ఆ శవం విష్ణుదే అయినా కలవదు. అంటే వారం రోజులుగా తను తిన్న తిండీ పడుకున్న పడకా నవ్విన నవ్వూ అన్నీ ఒట్టి మాట మీద నిలబడినవి. చేపలవాడి అన్న రక్తమూ కలవలేదన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇక మిగిలింది ఎవరు? ఆ లెక్క కల్పన బుర్రలో క్షణంలో అయిపోయింది. ప్రోగ్రామర్ కదా.

గురునాథం మర్యాద తెలిసిన మనిషి. "మేము బయట వెయిట్ చేస్తాము," అని నర్సును తీసుకుని వరండాలోకి వెళ్లాడు.

కల్పన వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లింది. కుమారమ్మ ఒడిలో ఆకు అలాగే ఉంది.

"మీకు తెలుసా అత్తమ్మా?"

"ఏటి తెలవడం?"

"రక్తం ఇచ్చింది ఆంటీ అని."

"తలుపు తీసిందే నాను. ఎనకే నిలబడ్డాను."

"తల్లి ఎవరని అడిగితే మీరు ఎందుకు మాట్లాడలే?"

కుమారమ్మ ఒడిలోని ఆకును దగ్గరికి కూడదీసుకుంది.

"పోనీ, శవం ఆయనది కాదని నేను ఫోన్ చేసి చెప్పిన! ఎయిర్‌పోర్టుల మిమ్మల్ని పట్టుకుని ఏడ్చిన! అప్పుడు తెలుసు గదా మీకు, ఆ టెస్టుకు అర్థం లేదని? అప్పుడైనా నోరు తెరవొచ్చు గదా!"

"సెప్దామనే ఒచ్చాను," అంది కుమారమ్మ. "అద్దాల తలుపులోంచి నువ్వు నవ్వుకుంటా వొచ్చావు. ఇంటికొచ్చినాక సెప్దామనుకున్నాను. కంచం ముందు కూకున్నావు. ఎన్నాళ్లయిందో అన్నం తిని. మారు ఒడ్డించుకుని తిన్నావు పిల్లా. రేపు సెప్దాం, ఎల్లుండి సెప్దాం అనుకున్నాను. నువ్వు తింటన్నావు, పడుకుంటన్నావు. ఎలా సెప్పమంటావు?"

కోపంతో వచ్చిన కల్పనకు కాళ్ల కింద నేల లాగేసినట్టయింది. తనను మోసం చేసినందుకు తిట్టాలని వచ్చింది. ఇప్పుడు చూస్తే, ఆ వారమంతా తను తిన్న ప్రతి ముద్దకూ ఎదురుగా ఈ ముసలామె ఒక్కతే కూర్చుని నిజం మింగుతోంది. ఆ సంగతి తలుచుకుంటే కోపానికి కూడా చోటు లేకుండా పోయింది.

"ఇప్పుడు చెప్పండి," అంది చివరికి. "ఆయన బయట ఉన్నడు. పోయి, తల్లిని నేను అని చెప్పండి."

"సెప్పను."

"అత్తమ్మా!"

"నువ్వు సదువుకున్నావు. రక్తం సూస్తే తెలిసిపోద్దంటావు. నాకు తెలవడం ఒద్దు. ఇద్దర్ని నా కొడుకా, నా తండ్రీ అని ముద్దులాడాను. ఇద్దరూ పోనారు. ఈణ్ని ఒక్కనాడూ అనలేదు, పెరిగి ఇంతోడయినాడు. ఇప్పుడు పోలీసోడి ముందర నా కొడుకంటే ఆడు దక్కుతాడేటి? ఏ రాయి పట్టుకుని ఏలాడతన్నాడో, ఆ రాయి కూడా జారిపోద్ది."

కొండమ్మ హాల్లోంచి లేచి వచ్చింది. "సెప్పకే! ఒలే కుమారీ, నువ్వు అనకు. అదేటి పిల్లా నువ్వు దాన్ని పీకతన్నావు? టెస్టు సేసారు, నా రక్తం కలవలేదు. నా రక్తం కలవలేదంటే అది నా కొడుకు కాదు. అంతే గదా! ఇంకేటి కావాల మీకు?"

"ఆంటీ, మీ రక్తం ఎట్ల కలుస్తది? మీరు కనలే!"

"కొన్నాను గదే!" అని అరిచింది కొండమ్మ. చాటెడు తవుడు పోసి కొన్నది కన్నదానికంటే ఎక్కువ కాదా అని ఆ మొహమంతా అడుగుతోంది. ఆ మనిషి నమ్మినంత గట్టిగా కల్పన ఏ ఒక్కదాన్నీ నమ్మి ఎరగదు.

అప్పుడు కల్పన అక్కడే వంటింటి నేల మీద కూలబడింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది బయటపడింది.

"నేను అక్కడికి పోయిన అత్తమ్మా. ఆ శవం ఉంచిన ఆస్పత్రికి. చూడనియ్యలే. చూసే తీరుల లేదన్నరు. తలుపు బయటనే నిలబడ్డ. ఇనుప తలుపు. చెయ్యి పెడితే మంచుగడ్డ తీరు ఉంది. లోపల ఇంకా అట్లనే పెట్టిన్రు. ఎవ్వరిదో తెల్వదు కదా, తగలబెట్టరు, పాతిపెట్టరు. పేరు కూడా రాయలే. ఆయన కాదని తెల్సినంక ఆ తలుపు మర్చిపోయిన. కానీ ఆయనే అయితే? ఎన్ని రోజుల నుంచి ఆ చలిల ఒక్కడే పడుకున్నడు? దుప్పటి లేకపోతే నిద్రపోడు కదా అత్తమ్మా. ఎవ్వరూ వచ్చి మావాడు అంటలేరు. ఆంటీ పోయి అడిగినా ఇయ్యరు. నేను అడిగినా ఇయ్యరు. మీరు అంటేనే ఇస్తరు."

కుమారమ్మ ఒడిలోని ఆకు నేల మీద పడిపోయింది. పైట కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

కొండమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "యాడికి?"

"తప్పుకో కొండమ్మా. ఆణ్ని నాకు ఇచ్చీ."

"ఇచ్చీదేటి? ఆడి పెళ్లిలో ఇచ్చీస్తానన్నాను. తవుడు తెచ్చుకోయే, నీ కొడుకుని నువ్వు తీసుకోయే, ముత్తయిదువుల ముందర ఒడిలో ఎడతానన్నాను. ఒద్దన్నావు. నీ దగ్గరే సల్లగుంటాడన్నావు. బతికినన్నాళ్లూ నా పేరు మీద బతికినోణ్ని, ఇప్పుడు శవంగా తీసుకుంటావా? నానియ్యను."

ఇద్దరు ముసలమ్మలూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. పల్లెలో ఒకే బావి నీళ్లు తోడుకున్నవాళ్లు. కుమారమ్మ మూడు పురుళ్లకూ వేడినీళ్లు కాచింది కొండమ్మే. కుమారమ్మ కొండమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"అది ఆడు కాకపోతే నీ కొడుకే, నీ దగ్గరే ఉంచుకో. ఆడే అయితే..." అంది. "ఇద్దర్ని నా సేతుల్తో మట్టిలో పెట్టాను. ఈ ఒక్కణ్ని నువ్వెందుకు మొయ్యాలే? ఇది నా కర్మ. నాకు ఒగ్గీ."

కొండమ్మ చేతులు జారిపోయాయి. ఆమె పక్కకు తప్పుకుంది. తప్పుకోవడమైతే తప్పుకుంది గానీ, రెండు చేతులతోనూ చెవులు మూసుకుని తన ఫ్లాటులోకి వెళ్లి, గేటు వేసుకుని, లోపలి తలుపు కూడా వేసేసుకుంది. వినకపోతే ఆ మాట అననట్టే అవుతుందని ఆమె ఆశ.

గురునాథం, నర్సు లోపలికి వచ్చారు. కుమారమ్మ కుర్చీలో కూర్చుని ముంజేతి గాజులు పైకి తోసుకుంది.

"ఆంటీ, మన్నించాల," అన్నాడు గురునాథం. "ఈ తడవ నేను అడగాల, మీరు నోటితోనే చెప్పాల. విష్ణు మీకు ఏమవుతాడు?"

కుమారమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. రెండోసారి వచ్చింది.

"కొడుకు," అంది. "నా కొడుకు. నానే కన్నాను. విష్ణు అని పేరెట్టుకున్నాం."

పెళ్లయిన నాటినుంచి ఆ నోట కల్పన ఆ పేరు విననేలేదు. ఇప్పుడు విన్నది. చిన్నపిల్లాణ్ణి స్కూలు గేటు దగ్గర పిలిచినట్టుగా, ఎంతో ప్రేమగా అంది. ఎన్నేళ్ల నుంచి లోలోపల ఎన్నిసార్లు అనుకుని ఉంటే అంత అలవాటుగా వస్తుంది ఆ పేరు! కల్పన తట్టుకోలేక కిటికీ వైపు తిరిగింది.

సూది దిగింది. రక్తం గాజుగొట్టంలోకి వచ్చింది. నర్సు దూది అదిమిపెట్టి, గొట్టం మీద చీటీ అంటించి, తెల్లపెట్టెలో పెట్టి మూత బిగించింది. ఇంతాచేసి ఎంతసేపు పట్టింది? కాఫీ కలిపినంతసేపు కూడా పట్టలేదు.

"బాబూ, పిల్లాణ్ని ఎప్పుడు పంపుతారు?" అని అడిగింది కుమారమ్మ.

గురునాథం ఇబ్బందిపడ్డాడు. "అట్లా అనకండి ఆంటీ. మ్యాచ్ అయితే కదా! వచ్చే వారం రిజల్ట్ వస్తుంది. కాకుండా కూడా ఉండొచ్చు."

"అవుద్ది," అంది కుమారమ్మ. "నా కొడుకనీసాను గదా."

ఏడవలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, నేల మీద పడ్డ కంగ్‌కోంగ్ ఆకును ఏరుకోసాగింది.

పోలీసాయనా నర్సూ వెళ్లిపోయారు. కల్పన హాలు మధ్యలో నిలబడి ఉంది. తను గెలిచింది. నిజం కావాలంది, నిజానికి దారి తెరిపించింది. చదువుకున్న మనిషిగా తనకు ఒక విషయం స్పష్టంగా తెలుసు: గాజుగొట్టంలోని రక్తం ఎవరినీ చంపదు, ఒక మాట అన్నంత మాత్రాన ఎక్కడో ఉన్న మనిషి చచ్చిపోడు. తెలుసు. తెలిసినా, అత్తగారు ఆ "అవుద్ది" అన్న క్షణాన విష్ణు నిజంగానే చచ్చిపోయాడనిపించింది. ఇంతసేపూ ఎక్కడో రాయి పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి తనే వేళ్లు విడదీసి నీళ్లలోకి వదిలేసిందనిపించింది. పోయిరమ్మని పంపిందీ తనే, ఇప్పుడు పొమ్మన్నదీ తనే.

ఆ ఆలోచనకు ఆమె నిలవలేకపోయింది. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది.

ఆ బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఏడో అంతస్తువాళ్లు మెట్లు దిగి అయిదో అంతస్తులో ఎక్కాలి. ఆమె వెళ్లేసరికి గురునాథమూ నర్సూ అక్కడే లిఫ్టు కోసం నిలబడి ఉన్నారు. పెట్టె ఇప్పుడు గురునాథం చేతిలో ఉంది.

"అంకుల్!" అంది కల్పన. ఇంతవరకు సార్ అన్న మనిషిని అంకుల్ అంటోందని ఆమెకే తెలియలేదు. "అది నాకు ఇచ్చెయ్యండి."

"ఏందమ్మా?"

"ఆ పెట్టె. ఇప్పుడు తీసుకపోకండి. అత్తమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పండి, దొరకలేదని చెప్పండి, ఏమన్న చెప్పండి." రెండు చేతులూ చాపింది. "ఒక్క వారం ఆగండి అంకుల్. ఇంకొక్క వారం. తర్వాత నేనే తెచ్చి ఇస్త."

నర్సుకు భాష అర్థం కాలేదు గానీ ఆ చేతులు అర్థమయ్యాయి, ఆమె తల దించుకుంది. గురునాథం పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ముగ్గురిలో ఎవరూ ఎక్కలేదు.